పిడి కింద ఇత్తడి

పిస్టల్ తేలిగ్గా ఉంటే మంచిదనేవాళ్లు దాన్ని నడుముకు తగిలించుకుని తిరిగేవాళ్లే. పోటీల్లో కాల్చేవాణ్ణి అడిగి చూడండి, తిట్ల దండకం ఎత్తుకుంటాడు. కంపెనీవాడు ప్లాస్టిక్ ఒళ్లు పోసి, పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుంటాడు. ట్రిగ్గర్ నొక్కగానే ఆ తేలిక పిస్టల్ ముక్కు పైకి ఎగురుతుంది. అది దిగి మళ్లీ గురికి కుదిరేలోపు పక్కవాడు రెండో గుండు కూడా దింపేసి నవ్వుతుంటాడు. అందుకని బరువులు విడిగా కొనుక్కొచ్చి తగిలిస్తారు. గొట్టం కింద స్టీలు దిమ్మ, స్ప్రింగు లోపల టంగ్‌స్టన్ కడ్డీ, పిడి అడుగున ఇత్తడి. కొన్న పార్టు ఒక్కటీ కుదురుగా కూర్చోదు. ఒకటి వదులు, ఒకటి బిగుతు. వాటిని లేత్ మీద పెట్టి తరిగి, ఆకురాయితో రుద్ది, ఏ పిస్టల్‌కి తగ్గట్టు ఆ పిస్టల్‌కి అమర్చేవాడు ఒకడుండాలి. ఆ ఊళ్లో ఆ పని తెలిసినవాడు తమ్ముడు.

ఊరందరికీ కాదు, అక్కకి తమ్ముడు. వాళ్లిద్దరికీ వెనకా ముందూ ఎవరూ లేరు. వాడి ముక్కు తుడిచి, బడికి పంపి, మొదటి లేత్ మిషన్ కొనిపెట్టింది అక్కే. ఆ అక్క మొగుడు బావ. వారమంతా టైర్ల కొట్టు నడుపుతాడు, ఆదివారం పోటీల్లో పిస్టల్ కాలుస్తాడు. బావకి ముక్కు మీద కోపం అని అందరూ ముద్దుగా చెప్పుకునేవారు. ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ముక్కు మీద కోపం ఉన్నవాడు పెద్ద కారు దిగినవాడి ముందు చేతులు నలుపుకుంటూ ఎలా నిలబడతాడండీ? ఆయనగారి కోపానికి మనుషుల్ని చూసి రావడం బాగా తెలుసు.

ఒకరోజు అక్క అన్నం డబ్బా ఇవ్వడానికి తమ్ముడి లేత్ షెడ్డుకు వచ్చింది. ఎండాకాలంలో మెడకి గుడ్డ చుట్టుకుంది. ఫ్యాను గాలికి అది జారింది. మెడ మీద వేళ్ల గుర్తులు నల్లగా తేలి ఉన్నాయి.

"ఏంటక్కా అది?"

"గొలుసు ఒరుసుకుంది."

"నువ్వు గొలుసెప్పుడు వేసుకున్నావ్?"

అక్క డబ్బా అక్కడ పెట్టి వెళ్లిపోయింది. వాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. మిషన్ కట్టేసి, చేతికంటిన నూనె కూడా తుడుచుకోకుండా టైర్ల కొట్టుకి పరిగెత్తాడు. నీకేమైనా బుద్ధుందా బావా అని అరిచాడో లేదో, బావ నవ్వుతూనే వాడి జుట్టు పట్టుకుని, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టిలో తల ముంచాడు. కాళ్లు కొట్టుకుంటుంటే మోకాలితో నడుం మీద తొక్కి పట్టాడు. లేపాడు, మళ్లీ ముంచాడు. మురికి నీళ్లు ముక్కులోంచి గొంతులోకి దిగి, ఇక అయిపోయానని వాడనుకున్నాక వదిలాడు. తర్వాత ఏం చేశాడనుకున్నారు? తన తువ్వాలుతోనే వాడి మొహం తుడిచి, పక్కన కూలబడి భోరుమన్నాడు.

"ఓడిపోతే నాకేమవుతుందో నాకే తెలీదురా బావమరిదీ. గన్ను చేతిలో నిలవట్లేదు. నువ్వు దాన్ని నిలబెట్టు. ఒట్టు, ఇక మీ అక్క మీద చెయ్యి పడదు."

వాడు నమ్మాడు. ముంచినవాడే మొహం తుడిస్తే ఎవరికైనా ఆ కాసేపు ప్రాణం లేచొస్తుంది. పైగా, ఏ వస్తువు ఎగిరినా, ఊగినా, వణికినా దానికి ఎక్కడో బరువు తక్కువైందని నమ్మే వృత్తి వాడిది. మనుషుల్ని కూడా ఆ లెక్కనే చూశాడు పిచ్చివెధవ.

ముందు గొట్టం కింద స్టీలు దిమ్మ బిగించాడు. ఆ ఆదివారం బావ రెండో స్థానంలోకి వచ్చాడు. ఆ వారం అక్క ఫోన్లో నవ్వింది. వాడికి ఏనుగెక్కినంత సంబరం. ఇంకో పోటీలో బావ ఓడాడు, అక్క మణికట్టుకి కట్టుతో కనిపించింది. బాత్రూములో జారానంది. వాడు ఆ కట్టు వైపు చూసి, బావ వైపు తిరిగి, "పిస్టల్ ఇలా ఇవ్వు బావా, ఇంకాస్త బరువేసి తెస్తా" అన్నాడు. మెత్తటి పెట్టెలో దాన్ని పసిపిల్లలా పడుకోబెట్టుకుని తీసుకెళ్లాడు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. టంగ్‌స్టన్ కడ్డీ అలా చేరింది. ముక్కు కొంచెం దిగింది, సరిపోలేదు.

చివరికి పిడి అడుగుకి ఇత్తడి మొదలుపెట్టాడు. బజార్లో దొరికే పార్టు నచ్చక, ముద్ద ఇత్తడి తెచ్చి తనే చెక్కాడు. పోటీ నియమాల్లో పిస్టల్ బరువుకి ఒక హద్దుంది. దాన్ని ఒక్క గ్రాము దాటినా తూకం దగ్గరే వెనక్కి పంపిస్తారు. ఆ గీత అంచుదాకా తీసుకెళ్లి ఆపాడు. పిడిలో గుళ్ల మ్యాగజైన్ మార్చేటప్పుడు అరచెయ్యి జారకుండా ఇత్తడి చుట్టూ సన్నటి ఐమూల గళ్లు కోశాడు. గళ్లు కోయడంలో వాడిది మహా పట్టింపు. ఒక గీత వంకరపోయిందని మొదటి దిమ్మని పారేశాడు కూడా.

అన్నం తెచ్చిన అక్క దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇంత బరువెందుకురా?" అంది.

"నీ కోసమే అక్కా."

ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. ఇంకేదో అనబోయింది. వాడప్పటికే కళ్లద్దాలు దించుకుని మిషన్ ఆన్ చేశాడు.

పెద్ద పోటీ రోజు తూకం వేసే రిఫరీ ముల్లు చూసి, కళ్లజోడు తీసి మళ్లీ చూసి, "వెంట్రుకవాసిలో తప్పించుకున్నావయ్యా" అన్నాడు. బావ బరిలోకి దిగాడు. దబదబా కాలుస్తుంటే పిస్టల్ ముక్కు మేకు కొట్టినట్టు కదలకుండా నిలబడింది. రేకు పలకలు ఒకదాని వెంట ఒకటి వాలిపోయాయి. బావ మొదటివాడయ్యాడు. వచ్చి బావమరిదిని కౌగిలించుకుని గాల్లోకి ఎత్తాడు.

"ఏం చేతులురా నీవి! మీ అక్కని కాదు, నిన్ను కట్టుకోవాల్సింది నేను!"

"నా వంట తినలేవు బావా, పిస్టల్‌తో నన్నే కాలుస్తావ్" అన్నాడు తమ్ముడు. అందరూ పగలబడి నవ్వారు. అక్క గెలిచిన కప్పు పట్టుకుని మొగుడి పక్కన ఫోటోకి నిలబడింది. వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. హమ్మయ్య, అక్క బతికింది అనుకున్నాడు.

సాయంత్రం వెలుగుండగానే కేకు డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. తలుపు ఓరగా వేసి ఉంది. ముందు గదిలో బావ బల్ల మీద గుడ్డ పరుచుకుని, ఖాళీ చేసిన పిస్టల్‌ని తిరగేసి పట్టుకుని, పాత పళ్ల బ్రష్‌తో ఇత్తడి గళ్లలో ఇరుక్కున్న ఎర్రదనాన్ని గీకుతున్నాడు.

"రారా, రా. మీ అక్క కొంచెం నోరు జారింది. లోపలుంది చూడు."

అక్క వంటగదిలో సింకు కింద అలమరకి చేరబడి కూర్చుని ఉంది. పైన కుళాయి కారుతోంది. మొహానికి అదుముకున్న తువ్వాలు తడిసి ముద్దయింది. వాడు దాన్ని తీశాడు. ఎడమ చెంప ఎముక లోపలికి కుంగిపోయింది. కన్ను మూసుకుపోయింది. ఊడిన పన్ను ఆమె ఒళ్లోనే ఉంది. చిట్లిన చర్మం మీద ఐమూల గళ్లు వరసగా, ఒక్క వంకర లేకుండా అచ్చుపడి ఉన్నాయి.

"ఎందుకక్కా? గెలిచాడుగా!"

చూడండి, వాడి నోట మొదట వచ్చిన మాట అది.

అక్క ఒంటికంటితో వాణ్ణి చూసింది. మాట ముద్దగా వచ్చింది. "గెలిస్తే కొట్టడనుకున్నావా? గెలిచిన రోజు బట్టలు కప్పే చోట కొడతాడు. ఫోటోలకి నిలబడాలిగా. ఇవాళ నీ పేరెత్తాను. అంతా మా తమ్ముడి చేతి చలవ అన్నాను. అందుకని మొహం మీద కొట్టాడు."

వాడు ముందు గదిలోకి ఎలా వచ్చాడో వాడికే తెలియదు. బల్లని కాలితో తన్నాడు. కప్పు, నూనె సీసా, పిస్టల్ నేల మీద దొర్లాయి. బావ లేచి వాడి గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. తల వెనక ఏదో చిట్లినట్టయింది. తలుపు చెక్కకేసి మొహం బాదాడు. పెదవి చీలింది. వాడు బావ బొటనవేలు పళ్ల మధ్య చిక్కించుకుని, నోట్లోకి రక్తం వచ్చేదాకా కొరికాడు. బావ ఎద్దులా రంకె వేసి, వాణ్ణి కింద పడేసి డొక్కలో తన్నాడు. ఒకసారి కాదు, ఊపిరి ఆడనంతగా తన్నాడు. నేల మీద పాకుతున్న వాడి చేతికి పిస్టల్ తగిలింది.

వాడికి కొట్లాట తెలియదు. దాని బరువెక్కడుందో మాత్రం వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గొట్టం వైపు పట్టుకున్నాడు. మొదటి దెబ్బ మోకాలి చిప్ప మీద వేశాడు. బావ కూలాడు. రెండోది అడ్డం పెట్టిన మణికట్టు మీద పడింది. పుల్ల విరిగిన చప్పుడైంది. తర్వాత భుజం ఎముక, దవడ, మళ్లీ అదే మణికట్టు. "చచ్చిపోతాన్రా" అని బావ ముడుచుకుపోయాడు. అప్పటికైనా ఆపాడా? లేదు. ఆపాలనిపించలేదు. ఎత్తిన ప్రతిసారీ ఇత్తడి తనంతట తనే దిగుతోంది. చేతికి హాయిగా ఉంది. ఆ మాట దాచి లాభం లేదు, హాయిగానే ఉంది.

ఎవరో వెనక నుంచి వాడి జుట్టు పట్టుకుని లాగారు. అక్క. మొహంలోంచి రక్తం కారుతుండగా వాడి చేతిలోంచి పిస్టల్ పీక్కుంది. వాడు తల తిప్పి చూశాడు. అక్క ఒక అడుగు వెనక్కి వేసి, రెండో చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. తన తమ్ముడికి భయపడి పెట్టుకుంది.

ఆసుపత్రిలో బావని ఒక గదిలోకి, అక్కని ఇంకో గదిలోకి తీసుకెళ్లారు. తమ్ముడు తలకి కుట్లు వేయించుకుని అక్క మంచం దగ్గరికి వచ్చేసరికి పోలీసామె కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"చెప్పమ్మా, భయపడకు. ఎవరు కొట్టారు?"

"నన్ను మా ఆయన కొట్టాడు. ఇవాళ ఒక్కరోజే కాదు. ఆయన్ని మా తమ్ముడు కొట్టాడు. నేను లాగకపోతే చంపేసేవాడే. రెండూ రాయండి." ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంది. "కేసు పెడతాను. ఆ ఇంటికి ఇంక వెళ్లను."

"మరి తమ్ముడింటికి వెళ్తావా?"

"ఎందుకెళ్లదండీ, ఇవాళే తీసుకెళ్తా" అన్నాడు వాడు ఆత్రంగా. "అక్కా, షెడ్డు పైన గది ఖాళీ చేస్తాను. నిన్ను కాలు కింద పెట్టనివ్వను."

పోలీసామె రాయడం ఆపింది.

"నా మెడ చూశావ్. చెయ్యి చూశావ్," అంది అక్క. "చూసిన ప్రతిసారీ ఆ పిస్టల్‌ని బాగుచేస్తానని నీతో తీసుకెళ్లావ్. నన్ను తీసుకెళ్లలేదు."

వాడు మంచం కడ్డీ పట్టుకున్నాడు.

"నాకు తెలీలేదక్కా. ఒట్టు. నువ్వొక్క మాట అడిగి ఉంటే..."

"అడగాల్సింది నువ్వురా."

అంతే అంది. అరవలేదు, ఏడవలేదు. పోలీసామె వైపు తిరిగి, ఆడవాళ్లు ఉండడానికి ఎక్కడైనా చోటుందా అని అడిగింది. ఉందని ఆమె చెప్పింది. అయితే అక్కడికే వెళ్తానంది. వాడు అక్క చెయ్యి పట్టుకోబోయాడు. అక్క మెల్లగా ఆ చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పట్లో పెట్టుకుంది. ఇంకో పోలీసు గుమ్మంలోంచి వాణ్ణి బయటికి పిలిచాడు. వాడు వెళ్లాడు.