చివరి ఏడు నిమిషాలు

ఆ సినిమా హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక అభిప్రాయాల పుస్తకం ఉండేది. దానికి దారంతో కట్టిన పెన్సిలు, ఎప్పుడు చూసినా మొన విరిగే ఉండేది. అయినా జనం రాసేవారు. ఊరికే ఇచ్చేది అభిప్రాయమైతే ఎవరు వెనకాడతారు! ప్రతి ఆట తర్వాతా దాన్ని మొదట చదివేది మిషను గదిలో పనిచేసే ఆపరేటరు. రిటైరై పదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. సాయంత్రం నడక పేరు చెప్పి వెళ్ళి, నాలుగు పేజీలు తిరగేస్తేగాని ఆయనకి అన్నం సయించేది కాదు.

ఆ వారం పుస్తకం నిండా ఒకటే గొడవ. నలభై ఏళ్ళ నాటి పాటల సినిమాని శుభ్రం చేసి మళ్ళీ వేశారు. స్టేజీ మీద పాడుతూ ఆడిన ప్రేమ నాటకాన్ని సినిమాగా తీశారు కాబట్టి అందులో మంచినీళ్ళు అడగాలన్నా పాటే. "పాటలు ఎక్కువ, ఫ్యాన్లు తక్కువ" అని ఒకరు రాశారు. "వంతెన పాటకి మా ఆవిడ ఇప్పుడూ ఏడ్చింది, టిక్కెట్టు గిట్టింది" అని ఇంకొకరు. వయసు మళ్ళినవాళ్ళు మాత్రం మండిపడ్డారు. "మేం చూసింది ఇది కాదు. ఆ సిపాయి తిరిగి రాడు. ఈ పెళ్ళి ఎవరో కొత్తగా అతికించారు."

ఎవరూ అతికించలేదు. అప్పుడు కత్తిరించింది ఆపరేటరే.

అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి మూడు నెలలు. మొదటి ఆటకి ముందు పరీక్షగా సినిమా తిప్పుతూ, వంతెన పాట రాగానే ఒళ్ళు మరిచి, గోడకున్న చిన్న కిటికీకి మొహం ఆనించి నిలబడిపోయాడు. సిపాయి వెళ్ళిపోతుంటే అతన్ని ప్రేమించిన పిల్ల వంతెన మీద ఒంటరిగా నిలబడి పాడుతోంది. పాట అయ్యాక కూడా సినిమా చివరిదాకా అలాగే చూస్తుండిపోతే, వెనక మిషను బెల్టు జారింది. చుట్టుకోవాల్సిన రీలు నేల మీద కుప్పపడి, చక్రాల్లో ఇరుక్కుని పీలికలైంది. తిరిగి చూసేసరికి చివరి ఏడు నిమిషాలు లేవు. బయట జనం లైను కట్టారు. యజమానికి చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెడినదంతా కోసేసి, పాట చివర 'సమాప్తం' ముక్క అతికించాడు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు, సినిమా మూడు వారాలు ఆడింది. రీళ్ళ పెట్టె కంపెనీకి వెనక్కి వెళ్ళింది, ఎవరూ ఏమీ అడగలేదు. కుక్కిన పేనులా ఉండిపోయాడు.

రెండో రోజు అక్క వచ్చి చూసింది. అమ్మ పోయాక ఆయన్ని పెంచిన అక్క. ఆమెకి ఒక సర్వేయరుతో పెళ్ళి కుదిరింది. అతను దూరపు పని మీద వెళ్ళి ఏడాదైంది, ఉత్తరం ముక్క లేదు. ఆ సాయంత్రం పుస్తకంలో అక్క చేతిరాత కనబడింది. "తప్పు ఆ అమ్మాయిదే. రానివాడి కోసం నిలబడకూడదు."

మర్నాడే అక్క సర్వేయరుకి ఉత్తరం రాసి సంబంధం వదులుకుంది. చేతికి పెద్ద దెబ్బ తగిలి అతను రాయలేకపోయాడనీ, రావడానికి టిక్కెట్టు కూడా కొనుక్కున్నాడనీ ఆరు నెలల తర్వాత తెలిసింది. ఈ ఉత్తరం అందాక రాలేదట. అక్క మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. కుట్టు మిషను ముందు కూర్చుని నలభై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టింది.

"ఒరేయ్, ఆ సినిమా మళ్ళీ వచ్చిందటగా. తీసుకెళ్ళవూ?" అంది ఈసారి.

మోకాళ్ళ నొప్పన్నాడు, ఎండన్నాడు, టిక్కెట్లు లేవన్నాడు. అక్క ముందు ఆయన అబద్ధాలు ఏనాడూ అతికినట్టు ఉండవు, ఆ ఒక్కటి తప్ప. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. ఎప్పటిలాగే అక్క చేతిసంచి ఆయన చేతిలో ఉంది.

ఇంటర్వెల్లో దీపాలు వెలిగాయి. ఇక దాస్తే అక్క అది తెర మీద చూసి తెలుసుకుంటుంది. అంతకంటే పాపం ఇంకోటి లేదనిపించింది.

"అక్కా, అప్పుడు సినిమా అక్కడ అయిపోలేదు. అతను తిరిగొస్తాడు. ఆ రీలు నా చేతుల్లో పాడైంది. కోసేశాను."

అక్క తెల్లటి తెర వంకే చూస్తూ అంది.

"నేనా ఉత్తరం రాసిన రోజు నువ్వింట్లోనే ఉన్నావు."

"ఉన్నాను."

"పోస్టులో వేసింది కూడా నువ్వే."

ఆయన తల వంచుకున్నాడు.

"సరే. సినిమా చూడనీ."

వంతెన పాట వచ్చింది, అయిపోయింది. మంచులోంచి సిపాయి నడిచి వచ్చాడు. హాల్లో చప్పట్లు. ఆయన తెర చూడలేదు, అక్కనే చూశాడు. ఆమె ఏడవలేదు. ఒక్క అక్షరమైనా పోనివ్వకుండా చదివేవాళ్ళలా ఆ ఏడు నిమిషాలూ రెప్ప వేయకుండా చూసింది.

గుమ్మం దగ్గర ఆగి పెన్సిలు అందుకుంది. మొన లేదు. ఆయన చేతిలోంచి సంచి తీసుకుని, బట్టల మీద గీతలు గీసే తన పెన్సిలు వెతికి రాసింది. ఆమె భుజం మీదుగా ఆయన చదివాడు.

"ముగింపు చాలా బాగుంది. అప్పుడే చూసుంటే బాగుండేది."

మెట్లు దిగాక ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. "సంచి ఇటివ్వక్కా."

"వద్దులే, నేను మోసుకుంటా." నాలుగడుగులు వేసి ఆగింది. "రేపు కూడా ఈ సినిమా ఉందా?"

"ఉందక్కా. ఇదే ఆట."

"అయితే రేపు నేనొక్కదాన్నే వస్తాను" అంది అక్క.