కుడివైపు వంటగది

నేను పళ్ళు కడతాను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే దానికి సరిపోయే పన్ను చేసి పంపడం నా ఉద్యోగం. రోజంతా ఎవరెవరివో దవడలు నా బల్ల మీద నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటి మొహం చూసీ చూసీ విసుగెత్తి, ఇంటికి రాగానే ఓడలు కడతాను. పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలు ఒకదాని మీద ఒకటి నొక్కి కట్టే ఓడలు. మా ఆయన దృష్టిలో అవి ఓడలు కావు, అరికాలికి గుచ్చుకునే ముక్కలు. ఆయన లిఫ్ట్ మెకానిక్. పాతిక అంతస్తుల గోతిలో వేలాడటానికి జంకడు గానీ, మా హాల్లో చెప్పుల్లేకుండా నడవాలంటే గుండెలు అరచేతిలో పెట్టుకుంటాడు.

నాలాంటి వాళ్ళకి ఆన్‌లైన్లో ఒక గ్రూపు ఉంది. పాత ఓడలు, పాత రేవులు, ఎప్పుడో జరిగిన యుద్ధాలు ఇటుకలతో కట్టి ఫోటోలు పెట్టుకుంటాం. పెట్టిన మరుక్షణం తప్పులు వెతకడం మొదలవుతుంది. తెరచాపకి తాళ్ళు ఏడుండాలి, ఆరే ఉన్నాయేమని నాలుగు రోజులు జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళని నేనెరుగుదును. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. తప్పు నిజమని తేలితే దిద్దుకోవడంతో సరిపోదు. పట్టినవాళ్ళ బొమ్మ ఒకటి చేసి అదే ఓడ మీద నిలబెట్టాలి, అది మా ఆచారం. నా పోయినేడాది ఓడ మీద తొమ్మిది బొమ్మలున్నాయి. అందులో నాలుగు 'చుక్కాని'వే. చుక్కాని అన్నది మా గ్రూపులో ఒక పెద్దాయన పెట్టుకున్న పేరు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఏటా జరిగే పోటీలో ఆరేళ్ళుగా మొదటి స్థానం ఆయనది, రెండోది నాది. ఆయనంటే నాకు గౌరవమే, కాకపోతే పేరు వినగానే ఒళ్ళు మండుతుంది.

మాకు ఇంకో పట్టుదల ఉంది. ఫోటో ఉంటేనే మాట. మా తాత చెప్పాడు, మా నాన్నకి గుర్తుంది అంటే ఎవరూ చెవిన పెట్టరు.

ఈసారి నేను కట్టింది మా మామగారి ఓడ. అంటే ఆయన కొన్నది కాదు, ఇరవై రెండేళ్ళు వంట చేసినది. దీవుల మధ్య మనుషుల్నీ మేకల్నీ ఉత్తరాల సంచుల్నీ చేరవేసిన చిన్న ఆవిరి ఓడ. దాన్ని ముక్కలు చేసి తుక్కుకింద అమ్మేసి చాలా ఏళ్ళయింది. మామగారు ఇప్పటికీ దాన్ని 'ఆవిడ' అంటారు. మా అత్తగారు బతికున్న రోజుల్లో ఆ మాట వినపడితే మూతి ముడుచుకునేదట.

ఆయనకి చూపు పోయి రెండేళ్ళు. అయినా ఇంట్లో కర్ర పట్టరు, గోడ తడమరు. తన గదిలోంచి బయటికొచ్చి కుడికి తిరిగి నేరుగా వంటింట్లోకి వెళ్తారు. మా అందరికీ గిన్నెల్లో సూప్ ఆయనే పోస్తారు, చుక్క ఒలకనివ్వకుండా. ఎప్పుడూ ముప్పావు గిన్నే. ఇంకొంచెం పొయ్యమంటే వినరు. ఈ వయసులో ఈ పిసినారితనం ఏమిటా అనుకునేదాన్ని. ఇంత తడబడకుండా ఎలా నడుస్తున్నారని ఒకసారి అడిగాను.

"ఈ ఇల్లు నాకు తెలీదమ్మాయ్. నేను ఆవిడలో నడుస్తుంటాను. నా పడక గదీ, వంటగదీ అన్నీ అందులోవే. మీ ఇంటిని దాని మీద అతికించుకున్నానంతే," అన్నారు.

ఆ మాట విన్నాకే ఓడ కట్టాలనిపించింది. కళ్ళతో చూడలేకపోయినా చేత్తో చూస్తారు కదా. పైకప్పు ఎత్తితే గదులన్నీ వేళ్ళకి అందేలా కట్టాలనుకున్నాను. నక్షాలేవీ మిగల్లేదు. దొరికిందల్లా ఆయన ట్రంకుపెట్టెలోని ఒకే ఒక్క ఫోటో. ఓడని పక్కనుంచి తీశారు. పేరు రాసి ఉండే ముందు భాగం ఫోటోలో పడలేదు. మధ్యలో వంటగది తలుపు, పైన దాని పొగగొట్టం, తలుపులో పాతికేళ్ళ మామగారు ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకుని ఉన్నారు. వెనక చివరి జెండాకర్ర ఎటుందో చూసుకుంటే, ఓడ ముందుకి మొహం పెట్టి నిలబడినప్పుడు వంటగది ఎడమవైపున ఉన్నట్టు ఆ ఫోటో చెప్పింది. నేను అలాగే కట్టాను. పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. తీరా కట్టాక ఆశ్చర్యపరచాలన్న సరదా కొంత. ముసలాయన జ్ఞాపకం కన్నా కాగితం నయమన్న మిడిమేలం మిగతాది.

ఏడు నెలలు పట్టింది. ఫోటోలు పెట్టిన రోజు నుంచీ ఓట్లు కుప్పలుగా పడ్డాయి. చుక్కాని ఒక రోజంతా వెతికి, "తప్పు దొరకలేదు. బాధగా ఉంది," అని రాశాడు. ఆ రెండు ముక్కలూ మా ఆయనకి మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారికి ఆయన బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఆదివారంతో ఓటింగు ముగుస్తుంది. గెలిచిన ఓడని సోమవారం వ్యాన్‌లో తీసుకెళ్ళి ఓడరేవు మ్యూజియంలో ఏడాది పాటు అద్దాల పెట్టెలో ఉంచుతారు. ఈలోపు ఒక్క ఇటుక మార్చినా పోటీలోంచి తీసేస్తారు. మార్చాల్సిన అవసరమేముంది? నేను గాల్లో తేలుతున్నాను.

బుధవారం సాయంత్రం మామగారిని బల్ల ముందు కూర్చోబెట్టి, పైకప్పు తీసి, ఆయన చేతులు ఓడ మీద పెట్టాను. ఏమిటో చెప్పలేదు. పొగగొట్టం తగిలింది, రెయిలింగు తగిలింది. మొహం విచ్చుకుంది. "ఆవిడే," అన్నారు. తర్వాత చూపుడువేలూ మధ్యవేలూ మనిషి కాళ్ళలా చేసి తన పడక గదిలోంచి నడక మొదలుపెట్టారు. గడప దాటారు, కుడికి తిరిగారు. గోడ తగిలింది. వెనక్కి వచ్చి మళ్ళీ బయల్దేరారు. మళ్ళీ గోడే. మూడోసారి ఆయన వేళ్ళు నడవలేదు, అక్కడే నిలబడిపోయాయి. కాసేపటికి చేయి చాచి ఎడమవైపు తడిమి తలుపు పట్టుకున్నారు.

"బాగుందమ్మాయ్. చాలా బాగా కట్టావు," అని లేచి వెళ్ళిపోయారు. అలసిపోయారేమో అనుకున్నాను. ఇంత కష్టపడితే రెండు మాటలేనా అని కొంచెం ముఖం కూడా మాడ్చుకున్నాను.

గురువారం ఉదయం నేను పనికి బయల్దేరుతుంటే ఆయన తన గది గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"వంటిల్లు ఎటువైపమ్మా?" అని అడిగారు.

పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి ఏమైందని అడిగాను.

"కళ్ళు పోయినప్పుడు నాకింత భయం వెయ్యలేదు. ఆవిడ మాత్రం తలలో అలాగే ఉందనుకున్నాను. వంటగది కుడివైపనే ఇన్నాళ్ళూ నడుస్తున్నాను. నువ్వేమో ఫోటో చూసి కట్టావు. ఫోటో అబద్ధం చెప్పదు కదా. నా బుర్రే పోతోంది," అన్నారు.

ఆ రోజు పనిలో కూర్చున్నానన్న మాటే గానీ మనసు ఇంటి దగ్గరే ఉంది. బల్ల మీద ఒక కింది దవడ, దానితో డాక్టరు పంపిన చీటీ. కుడివైపు నాలుగో పన్ను అని ఉంది. కుడి అంటే పేషెంటు కుడి. ఆ దవడ నాకెదురుగా ఉంటే అది నా ఎడమ చేతివైపుకి వస్తుంది. ఈ సంగతి రోజుకి ఇరవైసార్లు సరిచూసుకుంటాను, లేకపోతే ఒకరి పన్ను ఇంకో పక్కకి వెళ్ళిపోతుంది. అలా చూసుకుంటూ ఉండగా ఎందుకో ఫోన్లో ఆ ఫోటో తీశాను. ఏడు నెలలుగా తలుపు వెడల్పుకోసం, పొగగొట్టం ఎత్తుకోసం దాన్ని వందసార్లు పెద్దది చేసి చూశాను. మనిషిని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. గరిటె ఎడమచేతిలో ఉంది. మా ఇంట్లో సూప్ పోసేది కుడిచేయి.

ఫోటో కడిగినవాడెవడో ఫిల్మును తిరగేసి పెట్టాడు. కుడి ఎడమైంది. కుడి ఎడమలు చూసుకుని అన్నం తినే మనిషిని, అద్దంలో బొమ్మని పట్టుకుని ఓడ కట్టేశాను. పదకొండు వేల ఇటుకలతో, పొగరుతో సహా.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. మామగారు ఓపిగ్గా విన్నారు. నా తల నిమిరి, "నా మనసు కష్టపడకూడదని చెబుతున్నావులే," అన్నారు. మా ఆయన కూడా ఫోటో చూసి ఒట్టేసి చెప్పాడు. నీ పెళ్ళాం మాట నువ్వెప్పుడు కాదన్నావురా అన్నారాయన. చూపులేని మనిషికి ఫోటో ఎలా చూపించను? ఆయన నమ్మేది చేతినే. ఆ చేతికి నేనే ఎడమవైపు తలుపు చూపించాను.

నిజం చెబుతున్నాను, నేనేమీ మహాత్మురాలిని కాను. టీ పెట్టుకుని కూర్చుని లెక్కలు వేశాను. ఈ తప్పు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఇంకో మూడు రోజులు నోరు మూసుకుంటే ఆరేళ్ళ కోరిక తీరుతుంది. కానీ సోమవారం వ్యాన్ వస్తుంది, ఓడ ఏడాది పాటు అద్దాల పెట్టెలో ఉంటుంది. మామగారికి ఎనభై ఒకటి. ఈ లెక్క దగ్గర ఉండగానే హాల్లోంచి చప్పుడు వినిపించింది. ఆయన అరచేయి గోడని రాసుకుంటూ వస్తోంది. రెండేళ్ళలో ఆ ఇంట్లో నేను ఎప్పుడూ వినని చప్పుడది. టీ అక్కడే వదిలేసి వెళ్ళి ఓడ పైకప్పు ఊడదీశాను.

గ్రూపులో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఫోటో తిరగబడింది, సాక్ష్యం గరిటె, తప్పు పట్టింది వంటాయన, పోటీ నుంచి తప్పుకుంటున్నాను అని. చివర, వంటగది మూలలకి ఎడమ వంపు ముక్కలు పద్నాలుగు తక్కువయ్యాయి, ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగాను. ఓడ అడుగు భాగం రెండు వైపులా ఒకటే కాబట్టి బతికిపోయాను, పై గదులే విప్పి కట్టాలి. శనివారం పొద్దున్నే కొరియర్ వచ్చింది. మాత్రల డబ్బాలో లెక్కగా పద్నాలుగు ముక్కలు, ఒక చీటీ. "నా మొదటి ఓడలోంచి తీశాను. ఇలా గెలవడం నాకిష్టం లేదు. అయినా గెలుస్తాను. చుక్కాని." గెలిచాడు కూడా. నేను పళ్ళు నూరుకున్నాను. నా సొంతవే.

రెండు రోజులు సెలవు పెట్టాను. మా ఆయన చెప్పులేసుకుని వచ్చి ముక్కల్ని రంగులవారీగా వేరు చేశాడు. ఆదివారం సాయంత్రానికి ఓడ సిద్ధమైంది.

మామగారు రానన్నారు. చూశాను కదమ్మా అన్నారు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రెండు వేళ్ళూ అయిష్టంగానే పడక గదిలోంచి బయల్దేరాయి. గడప దాటి, కుడికి తిరగబోయి ఆగాయి. దెబ్బ తిన్న చోటికి మళ్ళీ వెళ్ళడానికి ఎవరికైనా భయమే. వేళ్ళు మెల్లిగా కుడికి తిరిగాయి. తలుపు తగిలింది.

ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. పొయ్యి తడిమారు, గిన్నెల అర తడిమారు. పొయ్యి ముందు ఉన్న బొమ్మ దగ్గర వేలు ఆగింది.

"ఇదెవరు?"

"తప్పు పట్టిన మనిషి, మామయ్యా. పట్టినవాళ్ళని ఓడ ఎక్కించాలి, అది మా ఆచారం."

గరిటె ఏ చేతిలో ఉందో తడిమి చూసుకున్నారు. నల్ల కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కాసేపటికి ఆయన రెండు అరచేతులూ ఓడకి రెండు పక్కలా ఆనించి, నుదురు చిట్లించారు.

"ఇది తప్పు," అన్నారు.

"ఏది మామయ్యా?"

"నిటారుగా నిలబెట్టావేంటి? ఆవిడ ఎప్పుడూ కుడివైపుకి కొంచెం ఒరిగే ఉండేది. మంచినీళ్ళ ట్యాంకు అటువైపే. లేకపోతే ఇరవై రెండేళ్ళు ముప్పావు గిన్నెలు ఎందుకు పోస్తానమ్మా, ఒలకదూ?"

ఫోటోలో అలా లేదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. వెళ్ళి ఒక పలక ముక్క తెచ్చి ఓడ ఎడమ పక్కన కింద పెట్టాను. చాలదు, ఇంకోటి పెట్టు అన్నారు. పెట్టాను. ఇంకా సగం అన్నారు. సగం ముక్కలుండవని చెబితే, ఉండేలా చేసుకో అని కసిరారు. ఆ కసురు విని నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నాలుగు రోజుల కిందట ఇదే మనిషి ఉండాల్సిన చోట తలుపు దొరక్క, బాగుందని చెప్పి లేచి వెళ్ళిపోయారు.

రెండో తప్పుకి రెండో బొమ్మ బాకీ పడ్డానని చెప్పాను. దానికి టోపీ పెట్టమన్నారు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, గోడ ముట్టకుండా, హాల్లోంచి నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తీశారు.

ముప్పావే పోశారు. ఇంకొంచెం కావాలని నేను అడగలేదు.