ఏకిన దూది

లేబర్ వీకెండ్ శనివారం లోపల కావలసిన పనులు:

బెవ్ కోటు కుట్లన్నీ విప్పి లోపలి పాలిస్టర్ పారెయ్యాలి.
నారగుడ్డను వేడినీళ్ళలో రెండుసార్లు తడిపి ఆరెయ్యాలి. కుట్టాక ముడుచుకుంటే అంతే సంగతులు.
మనురేవాలో ఎవరో ఊరికే ఇస్తామన్న పాత ఫ్యూటాన్ పరుపు తేవాలి. లోకేశ్‌ను వ్యాన్ అడగాలి.
దబ్బనం, మైనం, గట్టి దారం.
విల్లు.
మూర్తి అంకుల్‌తో గరాజ్ సంగతి మాట్లాడాలి.

ఈ ఆఖరి పనిని దస్తగిరి రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాడు.

దస్తగిరిది నంద్యాల జిల్లా. చదువుకోవడానికి ఆక్లండ్ వచ్చి పదకొండేళ్ళయింది. కాంక్రీటు దిమ్మెలను నొక్కి వాటి బలం చూసే ల్యాబులో ఉద్యోగం. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఆక్లండ్ శివారు పాపకూరలో శ్రీనివాసమూర్తిగారి ఇంటి వెనక ఉన్న చిన్న ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాడు. మూర్తిగారిది తెనాలి వైపు. ఐటీలో ముప్పై ఏళ్ళు చేసి, ఇప్పుడు తెలుగువాళ్ళ పండగలకు పెద్దరికం చేస్తున్నారు.

ల్యాబులో తోటివాడొకడు నాలుగేళ్ళ కిందట దస్తగిరిని ఓ ఆదివారం స్కౌట్ హాలుకు లాక్కుపోయాడు. లోపల ఆడా మగా ఇరవై మంది ఇనుప టోపీలు పెట్టుకుని, మొద్దు కత్తులతో ఒకరినొకరు బాదుకుంటున్నారు. ఆరువందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఎలా యుద్ధం చేసేవారో అలాగే, అవే బట్టలు, అవే కవచాలు. అవన్నీ సొంత చేతులతో చేసుకోవాలి. అదీ వాళ్ళ సరదా. దస్తగిరికి మొదట నవ్వొచ్చింది, తరవాత ఇష్టం కలిగింది. సుత్తి పని మాత్రం అబ్బలేదు. అతను మొట్టమొదట కొట్టిన భుజం రేకు అచ్చం కూరగిన్నెలా వచ్చింది. టీ వేళ దాంట్లోనే బిస్కెట్లు పోస్తారు. కానీ సూది పట్టుకుంటే అతని కుట్టు గీత గీసినట్టు వస్తుంది. "ఎక్కడ నేర్చుకున్నావు?" అని ఎవరడిగినా "వీడియోలు చూసి" అనేవాడు.

అతనికి డాలు పట్టడం నేర్పింది బెవ్. యాభై ఎనిమిదేళ్ళావిడ, స్కూలు బస్సు నడుపుతుంది. మార్చిలో ఒక దెబ్బకు ఆవిడ పక్కటెముకలు రెండు చిట్లాయి. ఎముకలు అతుక్కున్నాయిగానీ, అక్టోబరులో లేబర్ వీకెండ్‌కు జరిగే సంతలో పోటీకి దిగాలంటే క్లబ్బులో కవచాల తనిఖీ చూసే హేమి ఒక షరతు పెట్టాడు. ఇనుము కింద తొడుక్కునే దూది కోటు బాగుంటేనే మైదానంలోకి రానిస్తానన్నాడు. అసలు దెబ్బను ఆపేది ఇనుము కాదు, దాని కింది దూది. క్రిస్మస్ తరవాత బెవ్ భుజానికి ఆపరేషన్ ఉంది. ఇక కత్తి ఎత్తడం కుదరదు. ఆవిడకు ఇదే ఆఖరి పోటీ.

"కోటు నేను కుడతా," అని దస్తగిరి మాటిచ్చాడు.

కుట్టాడు కూడా. దుకాణంలో చుట్టలుగా దొరికే పాలిస్టర్ దూది తెచ్చి, గొట్టాలు గొట్టాలుగా కుట్టి కూరాడు. చూడ్డానికి ముద్దొచ్చేటట్టు ఉంది. పోయిన ఆదివారం సాధనలో ఒక మామూలు దెబ్బ తగిలింది. బెవ్ పక్కకు వెళ్ళి చొక్కా కాస్త ఎత్తి చూపించింది. జానెడు మేర నల్లగా కమిలిపోయింది.

"చూడు డస్టీ, అచ్చం సౌత్ ఐలాండ్ మ్యాప్ లాగుంది," అని నవ్వింది. క్లబ్బులో అందరికీ అతను డస్టీ. "నీ కోటు మంచిదే మేట్. నా ఎముకలే పాతవి."

ఆవిడ తిట్టినా బాగుండేది. ఎందుకంటే పాలిస్టర్ దెబ్బకు నిలవదని దస్తగిరికి ముందే తెలుసు. నొక్కితే లేస్తుంది కదా అని అందరూ మోసపోతారు. గట్టిగా తగిలితే అది రెండు పక్కలకూ తప్పుకుని దారిస్తుంది. దెబ్బను మింగేది ఏకిన పత్తి. దాన్ని గొట్టాల్లో కూరకూడదు, పొర మీద పొర పరిచి, నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ పోవాలి. ఇది అతను ఏ వీడియోలోనూ చూడలేదు. నడక రాకముందు నుంచీ చూశాడు. తెలిసి తెలిసి తప్పుడు పని చేశాడు.

ఎందుకు చేశాడో చెప్పాలంటే హాస్టల్ సంగతి చెప్పాలి.

దస్తగిరి తండ్రి మస్తానయ్య దూదేకుల మనిషి. భుజాన విల్లు, చేతిలో దాని నరాన్ని కొట్టే కొయ్యగుండు పట్టుకుని ఊరూరా తిరిగి, గడ్డకట్టిన పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ పరుపు కుట్టిచ్చేవాడు. కొడుకు కర్నూలులో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా ఆ హాస్టల్‌లో అతనుండే అంతస్తు పరుపులు ఏకే పని ఆయనకే వచ్చింది. ఇరవై పరుపులు, నాలుగు రోజుల పని. కొడుకు చదివే చోటని ఆయన సంబరంగా వచ్చాడు. మొదటిరోజు పొద్దున కుర్రాళ్ళంతా పరుపులు మోసుకుంటూ కిందికి దిగారు. వాళ్ళలో దస్తగిరీ ఉన్నాడు. ఎవరో "పరుపుల సాయిబొచ్చాడ్రోయ్, ముక్కులు మూస్కోండి" అని అరిచారు. అందరూ నవ్వారు. దస్తగిరి తల ఎత్తలేదు. మస్తానయ్య కొడుకు మొహం ఒక్క క్షణం చూశాడు. చూసి, చేతులు చాపి అన్నాడు:

"సార్, మీ పరుపు ఇట్లీండి సార్."

నాలుగు రోజులూ కొడుకును సార్ అనే పిలిచాడు. కొడుకు పిలిపించుకున్నాడు. తరవాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. దస్తగిరి న్యూజీలాండ్ వచ్చిన అయిదో ఏట మస్తానయ్య దగ్గుతో పోయాడు. ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మే అన్నాడు డాక్టరు.

అందుకే విల్లు పట్టాలంటే అతనికి భయం. తలుపులు మూసి ఏకితే ఊపిరాడదు, తెరిస్తే వీధి వీధంతా వినపడుతుంది. పదకొండేళ్ళుగా మూర్తిగారికి, ఇక్కడి తెలుగువాళ్ళందరికీ అతను డి. దస్తగిరి. ఆ 'డి' ఏమిటని అడిగిన వాళ్ళు లేరు, అతనూ చెప్పలేదు.

చివరికి గురువారం సాయంత్రం వెళ్ళి అడిగాడు.

"గరాజా? కారు రిపేరా?" అన్నారు మూర్తిగారు.

"కాదంకుల్. కొంచెం దూది పని."

"దూది పనేంటయ్యా! సరే చేస్కో. మీ ఆంటీ ఊరగాయ జాడీలు అక్కడే ఉన్నాయి, వాటి జోలికి మాత్రం పోకు. అవి పగిలితే నన్ను కూడా ఆ గరాజ్‌లోనే పడుకోమంటుంది."

సంతకు వారం ముందు శనివారం పొద్దున స్నేహితుడు లోకేశ్ వ్యాన్‌లో ఫ్యూటాన్ దిగింది. గొడ్డలిదెబ్బకైనా లొంగనట్టుంది. విప్పితే లోపల నిఖార్సైన పత్తి, రాళ్ళలా ఉండలు కట్టి ఉంది. క్లబ్బులో విల్లమ్ములు చేసే మనిషి నిలువెత్తు కొయ్య ఇచ్చాడు. దానికి టెన్నిస్ బ్యాటుకు కట్టే పేగు నరం బిగించి, దస్తగిరి ఆ విల్లును గరాజ్ దూలానికి వేలాడదీశాడు. కొయ్యగుండు లేదు. చపాతీల కర్రను మధ్యలో చెక్కి పిడి చేసుకున్నాడు. జాడీలకు దుప్పటి కప్పాడు. ముక్కుకు మాస్కు కట్టుకున్నాడు. తన తండ్రికి ఒక గుడ్డపీలికైనా ఉండేది కాదని అప్పుడు తోచింది.

మొదటి దెబ్బకు నరం జారి వేలు తెగింది. రెండోదానికి దూది కదలనైనా లేదు. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో చేతికి దానంతట అదే జ్ఞాపకం వచ్చింది. నరాన్ని దూదిలోకి ముంచి, కొట్టి, లేపాలి. టంయ్... టంయ్... టంయ్. ఉండలు విడిపోయి నురగలా లేచాయి. అరగంటలో గరాజ్‌లో మంచు కురిసింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. మూర్తిగారు, వెనకే ఆయన భార్య అనంతలక్ష్మిగారు.

"ఓరి నీ దుంపతెగ! ఇదేంటయ్యా ఇది!" మూర్తిగారు నోరు తెరుచుకుని నిలబడ్డారు. "అచ్చం దూదేకులోడిలా కొడుతున్నావే! లక్ష్మీ, విన్నావా ఆ చప్పుడు? మా వాకిట్లో కొట్టేవాడు, వేసవి సెలవుల్లో. పరుపుల సాయిబు. ఆ దూదిలో దూకి మా నాన్నచేత తన్నులు తిన్నాను."

"పేరేంటంకుల్ ఆయనది?" మాస్కు కిందికి లాగి అడిగాడు దస్తగిరి.

"పేరా? పరుపుల సాయిబనే అనేవాళ్ళం."

"ఎన్నేళ్ళు వచ్చుంటాడు మీ ఇంటికి?"

"పదీ పన్నెండేళ్ళు వచ్చాడేమో."

"ఒక్కసారి కూడా అడగలేదా అంకుల్?"

గొంతులో ఏదో తేడా వినపడి మూర్తిగారు అతని మొహంలోకి చూశారు. దస్తగిరి విల్లు పట్టుకునే నిలబడ్డాడు. ఇప్పుడు నవ్వేసి ఊరుకోవచ్చు. వీడియోలు అనొచ్చు. కనుబొమల మీద దూది పడింది, తుడుచుకోలేదు.

"మా నాయన పేరు మస్తానయ్య అంకుల్. దూదేకుల మస్తానయ్య. ఈ పనే చేసేటోడు. నన్ను ఈ పని చేసే చదివించినాడు. నేనే ఎవరికీ చెప్పుకోలే."

అనంతలక్ష్మిగారు భర్త వైపు ఒక చూపు చూశారు. మూర్తిగారి ముఖం చిన్నదైపోయింది.

"నేనేదో నోటికొచ్చినట్టు వాగాను. ఏమీ అనుకోకయ్యా."

"మీరు తిట్టలేదు కదంకుల్."

"తిట్టలేదనుకో. పేరు మాత్రం అడగలేదు." ఆయన పెయింటు డబ్బా ఒకటి బోర్లించుకుని కూర్చున్నారు. "ఆ ఉండలు ఇటు పడెయ్. చేత్తో విడదీస్తాను. విల్లు మాత్రం నాకివ్వకు, పక్కింటి వాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు."

"మూతికి గుడ్డ కట్టుకోండి ముందు," అన్నారు అనంతలక్ష్మిగారు. "ఈయన తుమ్మితే నీ దూదంతా వంద కిలోమీటర్ల అవతల హామిల్టన్‌లో తేలుతుంది బాబూ."

సాయంత్రానికి పని తెమిలింది. వెళ్ళబోతూ మూర్తిగారు గొంతు తగ్గించి, "నేనెవరితోనూ అనన్లే," అన్నారు.

"అనండి అంకుల్. అందరితోనూ అనండి."

వారమంతా పని నుంచి వచ్చాక కుట్టాడు. అడ్డంగా ఒక పొర, నిలువుగా ఒక పొర, పక్కటెముకల దగ్గర ఇంకో రెండు. మైనం పట్టించిన దారం. నడిమి నుంచి అంచులకు. శుక్రవారానికి కోటు తనంతట తాను నిలబడింది.

మర్నాడు క్లీవ్‌డన్ దగ్గరి మైదానంలో సంత. గుడారాలు, గుర్రాలు, సాసేజ్‌ల పొగ. మూర్తిగారు మడత కుర్చీ, పులిహోర డబ్బా వెంటబెట్టుకుని వచ్చారు. హేమి బెవ్ కోటును తొడిగించి చూశాడు. బొటనవేలితో నొక్కాడు, మోచేత్తో పొడిచాడు, గుప్పిటతో గుద్దాడు.

"మొన్నటిది ఇదేనా?"

"గుడ్డ అదే. దూది వేరు," అన్నాడు దస్తగిరి.

"ఎవరు నేర్పారు?"

"మా నాన్న. అది ఆయన పని." ఇంగ్లీషులో ఆ మాట అనడం అతనికి ఇదే మొదటిసారి.

హేమి తల ఊపి, బెవ్ భుజం తట్టి లోపలికి పంపాడు.

రెండో పోటీలో ఆవిడ కంటే తలెత్తు పొడుగున్న మనిషి డాలు పక్కనుంచి కత్తి తిప్పి సరిగ్గా ఆ ఎముకల మీదే కొట్టాడు. ధబ్బుమని మైదానం అవతలికి వినిపించింది. బెవ్ ఒక మోకాలి మీద కూలింది. దస్తగిరి కంచె దాటబోయాడు. మూర్తిగారు అతని చెయ్యి పట్టుకుని, "ఆగు, ఆగు, లేస్తోంది," అన్నారు. బెవ్ లేచింది. డాలు సర్దుకుంది. ఎదుటివాణ్ణి రమ్మని వేళ్ళతో పిలిచింది. ఆ పోటీ నెగ్గి, తరవాతిది ఓడిపోయి, నవ్వుతూ బయటికొచ్చింది.

గుడారంలో ఇనుము విప్పాక పక్కటెముకల మీద వేళ్ళతో తడిమి చూసుకుంది. కొత్త మచ్చ లేదు.

"ఏమీ లేదు డస్టీ! దిండుతో కొట్టినట్టుంది." చెమటతోనే అతన్ని కావలించుకుని అడిగింది. "మీ నాన్న పేరేమిటి?"

చెప్పాడు. ఆవిడకు నోరు తిరగలేదు. నాలుగుసార్లు పలికించాడు. అయిదోసారికి సరిగ్గా అనగలిగింది.

చదివినవారికి ఒక మనవి. మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు పరుపు గడ్డకట్టి ఉంటుంది. ఒక మనిషి వాకిట్లో పొద్దస్తమానం దూది ఏకి, మెత్తగా కుట్టిచ్చి, కనుబొమలు దులుపుకుంటూ వెళ్ళిపోయి ఉంటాడు. ఆయన పేరు తెలిస్తే తలచుకోండి. తెలియకపోతే, ఇరవై పరుపులు ఏకి, వాటిలో ఒకదాని మీద పడుకునే కన్నకొడుకును నాలుగు రోజులు సార్ అని పిలిచిన దూదేకుల మస్తానయ్యను తలచుకోండి.