హిమజకి పెట్టిన చీర

హిమజకి పెట్టిన చీర ప్రతి ఏడూ రజనే కట్టుకుంటుంది. పోయినవాళ్లకి పెట్టిన బట్ట ఇంటి కోడలు కట్టుకుంటే వాళ్లు కట్టుకున్నట్టేనని పెళ్లైన కొత్తలోనే అత్త గౌరమ్మ చెప్పింది. దసరా రోజుల్లో, తుపాను వచ్చిన తిథినాడు, పెరట్లో ఆకు వేసి, అన్నం వడ్డించి, పక్కన కొత్త చీర పెట్టి, "హిమజా, రాయే తల్లీ" అని పిలవాలి. వంటంతా రజనిది, పిలుపు మాత్రం అత్తది. కాసేపటికి కాకి వచ్చి తినిపోతుంది. కాకికేం, ఎవరు పెట్టినా తింటుంది. ఆ హిమజ పలాసకి గంట దూరంలో, వజ్రపుకొత్తూరు వైపు సముద్రపొడ్డున, నిక్షేపంలా బతికే ఉందని దానికెవరు చెప్పారు?

ఇంట్లోవాళ్లందరికీ తెలుసు. రజనికీ తెలుసు. హిమజ ఆమె భర్త లోకనాథ్‌కి చెల్లెలు. కిడ్నీ జబ్బుల పరీక్షలకి ఊరూరా తిరిగి రక్తం తీసే ఉద్యోగం చేసేది. తిత్లీ తుపాను నాడు ఆ ఒడ్డు ఊళ్లోనే చిక్కుకుపోయింది. కొబ్బరి చెట్లన్నీ అడ్డంగా పడి దారులు మూసుకుపోతే, సముద్రంలో వేటకెళ్లే వాళ్ల ఇంట్లో తలదాచుకుంది. అప్పటికే పెళ్లి కుదిరిన పిల్ల. అన్ని రాత్రులు ఎవరింట్లోనో ఉన్న పిల్ల మాకొద్దని పెళ్లివారు అన్నారు. పెళ్లివారి కంటే ముందు ఊరంది. ఆఖరికి ఇల్లే అంది. తుపానులో పోయిందని చెప్పి, బతికున్న పిల్ల పేరు మీద చావు కుండ కొట్టేశారు. ఆ తర్వాత ఎప్పటికో ఆమె తనకి నీడనిచ్చిన ఇంటి అబ్బాయి అనిల్‌నే పెళ్లి చేసుకుందట. అది విని లోకనాథ్, "సూసేవా, మనం కొట్టిన కుండ ఉత్తినే పోలేదు" అని నవ్వాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నుయ్యి ఎక్కడుంది, జీడిపిక్కలు ఎక్కడ ఆరబోస్తారు అన్నట్టే ఇదీ ఒక సంగతిగా రజనికి చెప్పారు. ఆమె కూడా అలాగే విని ఊరుకుంది. ఎలా ఊరుకోగలిగిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

ఈ జలదరింపంతా ఒక పుస్తకం వల్ల వచ్చింది. ఉద్దానంలో చాలామందికి ఉన్న కిడ్నీ జబ్బే మావగారు జోగారావుకీ ఉంది. వారానికి రెండుసార్లు టెక్కలిలో డయాలసిస్. కొడుక్కి జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం, తీరదు. కోడలికి ఉద్యోగం లేదు కాబట్టి తీరుతుంది. తెల్లారకుండా లేచి వంట, పిల్లల క్యారేజీలు, అత్త మందులు, ఇంటికి తెచ్చిన జీడిపప్పుకి పొట్టు తీయడం, అన్నీ అయ్యాక మావగారిని బస్సెక్కించడం. ఇవన్నీ ఉద్యోగం లేనివాళ్లు చేసే పనులు. ఆసుపత్రిలో మావగారిని మంచం ఎక్కించాక ఎక్కడ కూర్చోవాలో తెలియక, ఒకరోజు ఫ్యాన్ గాలి కోసం పక్క వీధిలో ఉన్న లైబ్రరీకి వెళ్లింది.

అట్ట చిరిగిపోయిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. లోపల 'ఉర్దూ కథలు, తెలుగు అనువాదం' అని మాత్రం ఉంది. ఉర్దూ కథలంటే నవాబులు, అత్తరులు ఉంటాయనుకుంది. తీరా చూస్తే దేశం రెండు ముక్కలైన రోజులు. శవాలతో వచ్చే రైళ్లు, ఆడవాళ్లు దూకిన నూతులు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లని రెండు ప్రభుత్వాలూ వెతికి పట్టుకుని, సరుకు మార్చుకున్నట్టు మార్చుకోవడం. అందులో ఒక కథ ఆమెని వదల్లేదు. సరిహద్దు దగ్గర ఒక శిబిరం. దొరికిన ఆడపిల్లల్ని వరసగా నిలబెడతారు. కూతురి కోసం వచ్చిన ముసలాయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి ఒక పిల్ల ముందు ఆగుతాడు. ఆ పిల్ల కనుబొమ మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ. ఆయన ఆ మచ్చని చూస్తాడు. చూసి, "వీళ్లలో మా అమ్మాయి లేదు" అని పోలీసుతో చెప్పి వెళ్లిపోతాడు. పిల్ల కొంగు ముందుకి లాక్కుంటుంది. అంతే కథ.

ఆ రోజు బస్సు తప్పిపోయింది. ఇంటికి వచ్చేసరికి పొద్దువాలింది. గుమ్మంలోనే లోకనాథ్ అందుకున్నాడు.

"లైబ్రరీ ఏటి, బుక్కులేటి? ఇలాగే తిరిగితే నీకూ ఓ కుండ కొట్టేత్తాం, సూసుకో."

అతను నవ్వుతూనే అన్నాడు. పక్కనున్న అత్త కూడా నవ్వింది. ఎప్పుడూ అనేమాటే, ఇదివరకు రజని కూడా నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు, భయం వేసింది. ఈ ఇంట్లో ఆడదాన్ని చంపడానికి కత్తి అక్కర్లేదు, ఒక కుండ చాలు. బీరువా తెరిస్తే మడతపెట్టిన పచ్చచీరలు. హిమజకి ఇష్టమని ప్రతిసారీ పచ్చవే కొంటారు. వాటిని తన ఒంటిమీద వేసుకుని వంట చేసింది, పిల్లల్ని ఎత్తుకుంది, మొగుడి పక్కన పడుకుంది. ఇన్నాళ్లూ బతికున్న మనిషి చావుని తానే ఇల్లంతా తిప్పుతూ వచ్చింది. ఆ తర్వాత గిన్నెలు తోముతున్నా, పప్పు పొట్టు తీస్తున్నా ఎవరో వెనకాల నిలబడి తన చీర కొంగు చూస్తున్నట్టే ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

మరో వారం డయాలసిస్ మంచం మీద జోగారావు అడిగాడు. "ఏటమ్మా, ఆ బుక్కులో అంతగా ఏటుంది? సెప్పు, పొద్దు పోద్ది."

రజని ఆ కథ చెప్పింది. ముసలాయన వెళ్లిపోయేదాకా చెప్పి ఆగింది. జోగారావు కళ్లు మూసుకునే విన్నాడు.

"ఆ పిల్ల ఏటీ అనలేదా?"

"ఏమీ అనలేదు మావయ్యా."

"తప్పు రాసేడు. అంటాది. అయ్యా, అయ్యా అని ఇసకలో కాళ్లు కూరుకుపోతన్నా ఎనకాల పరిగెత్తుకొత్తాది. ఎవలిదో చీర కట్టుకుని, అది కాళ్లకి సుట్టుకుని పడిపోద్ది. అయినా పిలుత్తాది."

కథలో ఇసక లేదు. పడిపోవడమూ లేదు. రజని చేతిలో నీళ్ల సీసా అలాగే ఉండిపోయింది.

"మీరు వెళ్లారా మావయ్యా? హిమజని చూశారా?"

"ఆ ఊరి బడి వరండాలో ఉంది. పెళ్లివారి పెద్దమనిషి నా పక్కనే ఉన్నాడు. మీ పిల్లేనా అన్నాడు." ఆయన పైపుల్లో తిరుగుతున్న తన రక్తం వైపు చూశాడు. "ఎనక్కి తిరగలేదమ్మా. ఇప్పుడు ఈ మిషను సప్పుడులో కూడా అదే ఇనపడతంది. నేను పోయేలోగా ఓపాలి దాన్ని సూడాలని ఉంది. ఎవలికి సెప్పను?"

రజనికి ఆయన మీద జాలి వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. రెండూ దాచుకోకుండానే ఆయన నోటికి నీళ్లు అందించింది.

తిథి వచ్చింది. గౌరమ్మ పెరట్లో ఆకు వేసింది, కాకి గోడ మీద కూర్చుంది. లోకనాథ్ కొత్త పచ్చచీర తెచ్చి పీట మీద పెట్టాడు. రజని వంటింట్లోంచి వచ్చింది. చేతిలో ఆకులో వడ్డించాల్సిన గిన్నెలు లేవు, నాలుగు గిన్నెల క్యారేజీ ఉంది. వంగి చీర తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికే?" అంది గౌరమ్మ.

"ఈ చీర ఎవరిదో వాళ్లకి ఇచ్చొస్తాను అత్తా. అన్నం కూడా చల్లారకముందే అందుతుంది."

జోగారావు అప్పటికే చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో ఆటో ఆగి ఉంది.

లోకనాథ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఈసారి నవ్వడంలేదు. "ఆ గడప తొక్కేవంటే నీకూ కుండ కొట్టేత్తాం. నిజంగానే సెప్తన్నాను."

రజని మావగారి చెయ్యి పట్టుకుని లేవదీసింది. ఆయన రెండోచేతికి కర్ర అందించి, అప్పుడు భర్త వైపు తిరిగింది.

"కొట్టండి. నాకు పెట్టే చీర మాత్రం పచ్చది తేకండి. నాకు నీలం ఇష్టం."