మిరుగం నాటి గొంతు

సరిగ్గా కొర్రమీను దగ్గరే ఎందుకు పగలాలి ఈ గొంతు, చేపల పేర్లు పిలుస్తూ రవ్వలూ అన్నప్పుడు బాగానే ఉంది, బొచ్చెలూ అన్నప్పుడూ బాగానే ఉంది, కొర్రమీనూ అని సాగదీసేసరికి మధ్యలో జారి అడుగుకు పోయి అక్కణ్నుంచి కీచుమంటూ పైకి లేచింది, హెల్మెట్ తీయకుండా స్కూటర్ మీదే బేరమాడుతున్న ఆయన కూడా పకపకా నవ్వాడు, పక్కన ఐసుగడ్డ పగలగొడుతున్న షుకూర్ చాచా సుత్తి ఆపి, క్యా హువా, గలా బైఠ్ గయా, గొంతు కూసున్నదా, ఆగు, చాయ్‌ల అల్లం జర ఎక్కువ ఏపిస్త అన్నాడు, నవ్వుకోనీ, ఎంతమందైనా నవ్వుకోనీ, నాకు మాత్రం కడుపులో చల్లగా ఉంది, ఇంకొకసారి అరవాలని ఉంది, ఇంకొకసారి పగలాలని ఉంది, అవ్వ ఒక్కతే నవ్వలేదు, కత్తిపీట మీద రవ్వ తలకాయ తెగ్గొట్టి, నావంక చూసి, మళ్లీ చేప వంక చూసుకుంది.

ఇవాళ మిరుగం, మృగశిర కార్తె మొదటి రోజు, ఈ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా ఒంట్లో బాగుండదని అందరికీ నమ్మకం, కాబట్టి శామీర్‌పేట నుంచి తూంకుంట దాకా కరీంనగర్ రోడ్డు పొడుగునా చేపల టబ్బులే, కొంపల్లి కార్లన్నీ ఇక్కడే, ఏడాదిలో ఎప్పుడూ కిందికి దిగనివాళ్లు కూడా దిగి ముక్కుకు రుమాలు పెట్టుకుని ముల్లు తక్కువున్నది ఏదని అడుగుతారు, తెల్లారకముందే బాపు చెరువు మీది నుంచి తెచ్చి దింపి మళ్లీ వెళ్లాడు, అవ్వ కోయడం, నేను పిలవడం, తూచడం, చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి పని పంపకం ఇదే, అమ్మ పోయాక ఈ అవ్వే, బాపు తల్లి బుచ్చవ్వ, నన్ను నడుముకు కట్టుకున్నట్టే తిప్పింది ఈ రోడ్డు మీద, మేడ్చల్ గోదాములో ప్యాకింగ్ ఉద్యోగం దొరికాక కూడా మిరుగం నాడు సెలవు పెట్టి వస్తాను, ఈ పిలుపు నాది, అయిదారేళ్ల పిల్లగా ఉన్నప్పుడు సన్నటి గొంతుతో మొదలుపెట్టిన పిలుపు, ఎంత సన్నగా ఉండేదంటే పదిహేనేళ్లు దాటాక నా గొంతు నాకే చెవిలో పుల్ల పెట్టినట్టు ఉండేది, పిలిచి పిలిచి ఇంటికొచ్చి రాత్రి దాకా మాట్లాడేదాన్ని కాదు, కాదు, మాట్లాడేవాణ్ని కాదు, చూశావా, ఇప్పటికీ నాలోనే నేను తడబడుతున్నాను.

మూడు నెలల కింద మొదటి సూది, మగ హార్మోనుది, తొడలోకి, ఇద్దరు డాక్టర్లు విడివిడిగా మాట్లాడి, రక్తపరీక్షలన్నీ చేయించి, అప్పుడుగానీ రాయలేదు, అల్వాల్‌లో లోకల్ రైలు ఎక్కి ఒక్కణ్నే వెళ్లాను, క్లినిక్‌లో నాకు నేను పెట్టుకున్న పేరుతో, భానుప్రకాశ్ అని పిలిస్తే ఇంకెవరో ఉన్నారేమోనని ముందు వెనక్కి చూశాను, తర్వాత లేచి వెళ్లాను, డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది, గొంతు ముందు బొంగురుపోతుంది, ముఖం జిడ్డుకారుతుంది, మొటిమలొస్తాయి, ఆకలి పెరుగుతుంది, నెలసరి ఆగుతుంది, ఒక్కొక్కరిలో ఒక్కో తీరు, రక్తం పరీక్ష తప్పించకు, పొద్దస్తమానం అద్దం ముందు కూర్చోకు, అంది, ఆ చివరి మాట తప్ప అన్నీ విన్నాను, పై పెదవి మీద నూగు ముందు ఎడమవైపు వచ్చింది, కుడివైపు ఇంకా ఆలోచించుకుంటోంది, గడ్డం కింద మొటిమలు, ఇదివరకు మొటిమ వస్తే ఏడ్చే అమ్మాయిలను చూశాను, నేను ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూసుకుని నవ్వుకున్నాను, చెమట వాసన మారింది, చొక్కా విప్పితే ఎవరిదో అనిపించి మళ్లీ వాసన చూసి, నాదే, అన్నం గిన్నె మీద గిన్నె, ఒళ్లంతా సెగ, పొత్తికడుపు మీద సన్నటి వెంట్రుకల చార, ఇంకా కొన్ని మార్పులు, డాక్టరమ్మ చెప్పినవే, నాకూ నా ఒంటికీ మధ్యే ఉండాల్సినవి, స్నానం చేస్తూ మొదటిసారి నా ఒంటి మీద నీళ్లు కళ్లు మూసుకోకుండా పోసుకున్నాను.

అన్నింటికన్నా ఆ నెలసరి ఆగడం, అది ఎవరికి చెప్పుకుంటే అర్థమవుతుంది, మా ఇళ్లల్లో బయటుంటే వల ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చెరువు చేప ఇవ్వదంటారు, సాయంత్రం వలలు దులిపి చిక్కులు తీసి చుట్టి పెట్టడం నా పనే, నెలకోసారి ఆ నాలుగు రోజులు అరుగు మీద వేరే చాప, బాపు మాట్లాడకుండా వలలు తానే సర్దుకునేవాడు, దాంతో వాడకట్టంతా తెలిసిపోయేది, దారిన పోతూ, ఇంట్లో పెట్టిన పేరుతో, యమున బయటున్నదా అవ్వా అని అడిగేవాళ్లు, నేను ఆ చాప మీద ముడుచుకుని నా ఒళ్లు నాకు తెలియకుండా ఎవరో పెట్టి మరిచిపోయిన సామాను అనుకునేవాణ్ని, ఒకటో నెల తప్పింది, రెండో నెల వస్తుందేమోనని భయంభయంగా చూశాను, రాలేదు, మూడో నెల రాలేదు, గోదాములో అట్టపెట్టెల వెనకకు పోయి చేతులతో నోరు మూసుకుని ఏడ్చాను, సంతోషంతో, సూపర్‌వైజర్ ఏమైంది అంటే కంట్లో దుమ్ము పడిందన్నాను.

కానీ అవ్వ కళ్లు, ఆ కళ్లు ఊరుకుంటాయా, చేప మొప్ప ఎత్తి చూసి ఎప్పుడు పట్టిందో చెప్పే మనిషి, నన్ను చూడదా, రెండు మూడు నెలలుగా తేడాగా ఉంది, మొన్న షుకూర్ చాచా బొప్పాయి కోసి ఇస్తే నా చేతిలో ముక్క లాక్కుని రోడ్డవతల పారేసింది, అది నీకు వద్దు అంది, అంతే, ఇవాళ పొద్దున టబ్బు ఎత్తబోతే, నువ్వు లేపకు, నేను లేపుత, అంది, డెబ్బై ఏళ్ల మనిషి, నడుము వంగిన మనిషి, నాకిప్పుడు భుజాల్లో కొత్త బలం ఉంది, రెండు టబ్బులు ఒకేసారి ఎత్తి చూపించాలని ఉంది, ఎత్తితే తిట్టింది, చేప పొట్టలో జెన, గుడ్ల తిత్తి, దొరికితే అమ్మకుండా టిఫిన్ డబ్బాలో పక్కకు పెడుతోంది, ఇది నువ్వు తిను, ఒంట్లె రక్తం పడ్తది అంటుంది, ఉక్కగా ఉందన్నానని నెలకు నాలుగేసి రోజులు అరుగు మీద చాప తానే పరిచింది, అదే చాప, ప్రేమతోనే పరిచిందిలే అనుకున్నాను, మరి ఆ రోజుల్లోనే బాపు ఎందుకు నాకన్నా ముందే వలలు సర్దేసి, నా ముఖం చూడకుండా చుట్ట వెలిగించుకుని వెళ్లిపోయేవాడు, అతనికి తెలిసిపోయింది, నా చేయి వల మీద పడటం కూడా ఇష్టం లేదు, అందుకే, రేపో ఎల్లుండో అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి, ఇంట్లోంచి నడువు అంటే ఎక్కడికి నడవాలి, గోదాము దగ్గర గది తీసుకోవచ్చు, అద్దె కట్టుకోవచ్చు, కానీ మిరుగం నాడు ఈ టబ్బు ముందు నిలబడి ఎవరు పిలుస్తారు, అవ్వకు గుక్క ఆడదు, అవ్వ లేకుండా నాకు అన్నం దిగదు, ఈ గొంతూ కావాలి ఆ మనిషీ కావాలి, రెండూ కావాలంటే అత్యాశేమో తెలియదు.

అన్నా, రెండు కిలోల బొచ్చె ఇవ్వు, తల వద్దు, అంది ఎవరో, అన్నా అంది, నన్నే, తెల్ల కారు దిగిన ఆమె, చంకలో బిడ్డ, ఫోన్ చెవికి, నావంక చూడను కూడా లేదు, గొంతు విని పిలిచింది అంతే, రోజూ పాలవాణ్ని పిలిచినట్టు, ఏ ఆలోచనా లేకుండా, నా చేతిలో కాంటా ఊగిపోయింది, రెండు కిలోల మీద ఇంకో ముక్క వేశాను, ఆమె డబ్బులిచ్చి, థాంక్యూ అన్నా అని మళ్లీ అని వెళ్లిపోయింది, కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను, ఆమెకు తెలియదు ఇవాళ నాకేం ఇచ్చి పోయిందో, ఒళ్లంతా తేలికైంది, అప్పుడు తిరిగి చూస్తే అవ్వ కత్తిపీట మీంచి కాలు తీసేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తోంది.

ఎండ నడినెత్తికొచ్చింది, గిరాకీ పలచబడింది, షుకూర్ చాచా చాయ్ చెప్పడానికి అవతలికి పోయాడు, ఇట్లా రా, కూసో అంది అవ్వ, కూర్చున్నాను, పొలుసులంటిన చేయి నా మోకాలి మీద పెట్టింది, నేను తిట్టను బిడ్డా, కొట్టను, మీ బాపుకు గూడ తెల్వనియ్యలే, నిజం జెప్పు, కడుపుతోటి ఉన్నవా, అంది.

ముందు అర్థం కాలేదు, తర్వాత మొత్తం ఒక్కసారిగా అర్థమైంది, బొప్పాయి, టబ్బు, జెన, రక్తం పడ్తదనడం, మూడు నెలలుగా నేను వలల దగ్గరి నుంచి తప్పుకోకపోవడం, గిన్నెలు గిన్నెలు తినడం, నవ్వొచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు, ఆ నవ్వు కూడా పగిలింది, మొదట సన్నగా, తర్వాత లావుగా, బాపు నవ్వులాగా, అవ్వ బిత్తరపోయి, ఏందే గా నవ్వు, ఏందే గా గొంతు, దయ్యం గిట్ల పట్టిందా అంది, కాదే అవ్వా, కడుపు లేదు, ఏ మొగోడు లేడు, సూది ఏసుకుంటున్న, డాక్టరే ఏస్తాంది, అన్నాను, ఇక ఆగలేదు, చిన్నప్పుడు గౌను తొడిగితే ఎందుకు విప్పి పారేసేవాణ్నో, అరుగు మీద ఎందుకు గోడవైపు తిరిగి పడుకునేవాణ్నో, జుట్టు వేడికి ఊడిందని చెప్పి ఎందుకు కత్తిరించుకున్నానో, అంతా చెప్పాను, నేను ఆడపిల్లను కాను అవ్వా, ఎన్నడూ గాను, గిప్పుడు ఒళ్లు జర నా మాట వింటాంది, అన్నాను, చెబుతుంటే కళ్లలో నీళ్లు, తుడుచుకుంటే బుగ్గకు చేప నెత్తురు అంటింది.

కొర్రమీను టబ్బులో ఒకసారి తోకతో కొట్టింది, నీళ్లు ఎగిరి ఇద్దరి మీదా పడ్డాయి, పానానికి ఏం గాదు గదా, అంది అవ్వ ముందుగా, గాదు, రక్తం ఎప్పటికప్పుడు చూస్తరు, అన్నాను, గొంతు గిట్లనే ఉంటదా అంది, ఇంకా లావైతది అన్నాను, మీసం వస్తదా అంది, వస్తది అన్నాను, నాకేం సమజ్ గాలే బిడ్డా, అబద్ధమెందుకు, అర్థమైందంటె అబద్ధమైతది, నేను ఊరంత తిరిగిన మనిషిని, గిసుంటిది ఇన్లే, లోకం ఊకుంటదా, నిన్ను పరేషాన్ జేస్తరు, అంది, అని కొంగుతో ముందు తన ముఖం, తర్వాత నా ముఖం తుడిచింది, నేను మాత్రం ఒకటి అడగాలి, నా గుండెలో ముల్లులా ఉన్నది అదే, బాపుకు తెలిసిందా అవ్వా, నేను ముట్టకుండా వలలు ఎందుకు సర్దేస్తున్నడు, అన్నాను, అవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది, ఆనికేం తెల్వదు, నేనే జెప్పిన, నెలనెలా, పోరి బయటున్నది, వలలు నువ్వే సర్దుకో అని, నెల తప్పిందని తెలిస్తె నరుకుతడేమోనని భయం, గందుకే అరుగు మీద చాప నేనే పరుస్తుంటి, వాడకట్టోళ్లు గూడ చూస్తరు గదా అని, అంది.

అంటే, మూడు నెలలు, ఈ ముసలామె, అబద్ధమాడితే నోట్లో పురుగులు పడతాయని నమ్మే మనిషి, సొంత కొడుకుతో నెలనెలా అబద్ధమాడింది, చాప పరిచింది, నా కడుపులో ఎవరిదో ఏ కులానిదో తెలియని పిల్ల ఉందనుకుని, తన లోకంలో దానికంటే పెద్ద తలవంపు ఇంకోటి లేదనుకుంటూనే, ఆ పిల్లకు కూడా రక్తం పట్టాలని జెన దాచింది, నన్ను ఒక్క మాట అడగలేదు, నేనేమో ఇన్నాళ్లు ఆ కళ్లు చూసి వెళ్లగొడతారని గది అద్దెలు లెక్కేసుకున్నాను, షుకూర్ చాచా చాయ్ తెచ్చాడు, నా ముఖం చూసి గొంతు బాగైందా అన్నాడు, అవ్వ గ్లాసు అందుకుంటూ, ఆని గొంతుకేమైంది, మంచిగనే ఉన్నది, అంది, తర్వాత మెల్లగా నావైపు వంగి, ఇగ ఎన్నడు బయటుండవా, అంది, ఉండనవ్వా, అన్నాను, అయితె వలలు దినాం నువ్వే సర్దు, మీ బాపుకు నడుము పట్టేసింది, గిరాకీ అయినంక నాలుగు దినాలకు ఆనితోని నేనే మాట్లాడ్త, ముందు నేను, తర్వాత నువ్వు, అంది, చాయ్‌లో అల్లం ఘాటుగా గొంతులోకి దిగింది, బాపు ఏమంటాడో తెలియదు, భయం పోయిందని చెప్పను, కానీ రోడ్డు మీద మళ్లీ కార్లు ఆగుతున్నాయి, అవ్వ కత్తిపీట మీద కాలు పెట్టి, పిలువురా మరి, గట్టిగ పిలువు, అంది, లేచి నిలబడ్డాను, రవ్వలూ, బొచ్చెలూ, కొర్రమీనూ, పగిలింది, సరిగ్గా అక్కడే పగిలింది, ఎవరో నవ్వారు, నేనూ నవ్వాను, ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నన్ను నేను ఒక్కణ్నే దాచుకుంటున్నాను అనుకున్నాను, నేనెవరో తెలియకపోయినా అవ్వ నన్ను దాస్తూనే ఉంది.