నిటారుగా ఉన్నాయా?

నా ఫారంలో పదకొండు ప్రశ్నలున్నాయి. కొత్తగా కట్టే ప్రతి పెద్ద భవనం చుట్టూ తొమ్మిదడుగుల వెడల్పున పచ్చని పట్టీ వదలాలని ప్లానింగ్ ఆఫీసు నియమం. అందులో పదడుగులకో చెట్టు ఉండాలి. ఆ చెట్టు మనిషెత్తు దాటాలి, బతికుండాలి. చెట్ల మధ్య వట్టి మట్టి కనపడకుండా గడ్డి పరవాలి. ఆర్నెల్లలో మూడుసార్లు వెళ్ళి చూసి నేను సంతకం పెడితేనే ఆ భవనంలోకి జనం దిగాలి. నాలుగో ప్రశ్న, చెట్లు నిటారుగా ఉన్నాయా అని.

ఏటవాలు నేల మీద కట్టిన ఆ అయిదంతస్తుల భవనానికి మూడోసారి వెళ్ళింది శుక్రవారం ఉదయం. ఆకాశం మూసుకుని ఉంది, చినుకు మాత్రం లేదు. అక్కడ పల్లపు వైపు మట్టి పోసి చదును చేసి, ఆ మట్టి జారకుండా రెండు నిలువుల ఎత్తు గోడ కట్టారు. గోడ పైన పచ్చని పట్టీ, అందులో ఇరవై రెండు చెట్లు. గోడ కింద ఒకే వరసలో ఏడు ఇళ్ళు. ఆ ఇళ్ళకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటుంది, అంతే. మూడో ఇంట్లో తోటమాలి కూతురు, అల్లుడు, మూడేళ్ళ మనవరాలు ఉంటారు.

తోటమాలిని నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను చెట్లమ్మా అని పిలుస్తాడు.

"రా చెట్లమ్మా, రా! చూసుకో నీ చెట్లని. సిపాయిల్లా నిలబడ్డాయి. ఈసారి వంకర అన్నావంటే నీ కళ్ళకే కర్రలు కట్టాలి."

ఆయన అలా అనడానికి కారణం ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు చెట్లు పల్లానికి కొద్దిగా ఒరిగి ఉన్నాయి. "వంకర. సరిచేయాలి" అని రాశాను. రెండోసారి ఇంకాస్త ఒరిగాయి. "తోటపనిలో అశ్రద్ధ" అని రాశాను. ఆ మాట చదివి సైటు ఇంజనీరు పనివాళ్ళందరి ముందూ ఆయన్ని కడిగేశాడని తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్ళుగా మొక్కలు నాటుతున్న మనిషి. ఆ పూట అన్నం ముట్టలేదట.

ఇప్పుడు ఇరవై రెండూ గీత గీసినట్టు నిలువుగా ఉన్నాయి. ప్రతి చెట్టు నడుముకీ ఒక తాడుంది. ఆ తాడు మిట్ట వైపు నేలలో దిగ్గొట్టిన గుంజకి కట్టి ఉంది. పల్లపు వైపు ఒక్క తాడూ లేదు. మొదటి తాడు మీద వేలితో కొట్టాను. తీగలా మోగింది.

"ఇంత బిగించావేంటి బాబాయ్?"

"నేనెక్కడ బిగించాను? మొదట్లో వారానికోసారి బిగించేవాణ్ణి. ఈ పది రోజులుగా వాటంతటవే బిగుసుకుంటున్నాయి. మొన్న రెండు తెగిపోతే లావు తాడు కట్టాను."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం రెండో తాడు మీద కూడా కొట్టి చూశాను. అదీ అలాగే మోగింది.

ఇంతలో ఇంజనీరు వచ్చాడు. ఏది అడిగినా "అయిపోయింది" అంటాడని పనివాళ్ళు చాటుగా ఆయన్ని అయిపోయింది సార్ అంటారు.

"మేడం గారూ, మీదే ఆలస్యం. సోమవారం నుంచి నలభై కుటుంబాలు దిగుతున్నాయి. చెట్లు అయిపోయాయి, గడ్డి అయిపోయింది. ఇక మీ సంతకం కూడా అయిపోతే..."

"ఒక తాడు విప్పి చూడాలి సార్. ఊతం లేకుండా నిలబడితేనే నిటారు కింద లెక్క."

తోటమాలి ముఖం మాడిపోయింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వద్దమ్మా. ఆయన ముందు నా పరువు తీయకు. మట్టి బాగా తొక్కలేదేమో, తప్పు నాదే. వచ్చే నెలకి వేళ్ళు పట్టుకుంటాయి. నీకు పుణ్యముంటుంది."

"ఒక్కటే బాబాయ్."

ముడి ఎంతకీ ఊడలేదు. చివరికి కొడవలితో తాడు కోశాడు. చెట్టు ఊగలేదు, వెనక్కి రాలేదు. బరువు మోసి మోసి అలిసిన మనిషి కూలబడ్డట్టు, మెల్లగా పల్లానికి వంగి ఆగింది. రెండోది కోయమన్నాను. అదీ అంతే, అటే వంగింది. ఆయన మూడోది కోస్తుంటే నేను నేల వైపు చూడటం మొదలుపెట్టాను. చెయ్యి మంచిది కాకపోతే చెట్లు తలో దిక్కుకీ ఒరుగుతాయి. ఇన్ని చెట్లు ఒకే దిక్కుకి, ఒకే వాలుగా వంగవు.

గుంజలకీ చెట్లకీ నడుమ, పట్టీ పొడుగునా, జానెడు వెడల్పున గడ్డి రంగు వేరుగా ఉంది. లేత పచ్చ.

"ఇక్కడ గడ్డి ఎందుకు మార్చారు సార్?"

"రెండుసార్లు మార్చాం మేడం. అక్కడ మట్టి కాస్త నోరు తెరుస్తోంది. మీ ఏడో ప్రశ్నే కదా, వట్టి మట్టి కనపడకూడదని? కనపడట్లేదుగా!"

కూర్చుని గడ్డి అంచు పట్టుకుని లాగాను. చాపలా లేచొచ్చింది. కింద చీలిక, నా అరచెయ్యి పట్టేంత. లోతు చూద్దామని అడుగు పొడుగు ఇనప స్కేలు దించాను. మొత్తం దిగి, వేళ్ళలోంచి జారిపోయింది. అది అడుగున తగిలిన చప్పుడు ఒక క్షణం తర్వాత గానీ వినిపించలేదు.

గడ్డి చాప పక్కన పెట్టి లేచాను.

"గోడ ముందుకి పోతోంది సార్," అన్నాను.

ఇంజనీరు ముందుగా తేరుకున్నాడు. "మీరు చెట్లు చూడటానికొచ్చారు, గోడ చూడటానికి కాదు. గోడకి వేరే సెక్షనుంది, వాళ్ళు పోయినేడాదే చూసి అనుమతి ఇచ్చేశారు. అయిపోయింది."

అది నిజమే. నా పదకొండు ప్రశ్నల్లో గోడ లేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే మా పెద్దాఫీసరు కూడా అదే అన్నాడు. "గోడ సెక్షన్ వాళ్ళకి సోమవారం చెబుదాం. నువ్వు చెట్ల సంగతి రాసేసి రా అమ్మా." చెట్ల సంగతి ఏమని రాయాలి? నిటారుగా లేవని రెండుసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ ఈయన తాడు బిగించాడు. నేల మొత్తుకుని చెబుతుంటే, దాని నోటికి గుడ్డ కుక్కమన్నది నేనే.

తోటమాలి ఇంకా కొడవలి పట్టుకుని చెట్టు మొదలు వైపే చూస్తున్నాడు. "అయితే నా చెయ్యి కాదా అమ్మా?"

"నీ చెయ్యి కాదు బాబాయ్. నీ తప్పేం లేదు. నేల జారుతోంది."

ఆ ముఖంలోకి వెలుగొచ్చింది. ఒక్క క్షణమే. తర్వాత ఆయన చూపు చెట్టు వంగిన వైపు జారి, గోడ అంచు దాటి, కింద మూడో ఇంటి రేకుల మీద పడింది. కొడవలి అక్కడే పారేసి పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన అలా పరుగెత్తగలడని నేననుకోలేదు.

నేను కిందికి చేరేసరికి తండ్రీ కూతుళ్ళ గొడవ సందంతా వినిపిస్తోంది.

"చెట్టు వంగిందని ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరైనా? నీకేమన్నా మతి పోయిందా నాన్నా?"

"ముందు పిల్లని బయటికి తే! తర్వాత తిట్టుకో!"

"పొయ్యి మీద అన్నం ఉంది..."

"ఒకసారి గోడ వైపున్న మీ వెనక తలుపు తీస్తావా అక్కా?" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అది పట్టేసింది. రెండుసార్లు చిత్రిక పట్టించాం. వానకి చెక్క ఉబ్బింది."

"వానలింకా మొదలుకాలేదు కదక్కా."

ఆమె వెనక తలుపు వైపు ఒకసారి తిరిగి చూసింది. స్టవ్ ఆపి, పిల్లని చంకనేసుకుని బయటికొచ్చింది. అంతే, ఇక తండ్రి కన్నా ఆమె గొంతే పెద్దదైంది. ఒక్కో తలుపూ బాదుతూ అడిగింది: "మీ వెనక తలుపు పడుతోందా? మీదో?" ఏడిళ్ళలో అయిదిళ్ళ వాళ్ళు పట్టేసిందన్నారు. ఎవరికి వాళ్ళు తమ తలుపే పాడైందనుకున్నారు.

మధ్యాహ్నానికి అందరం రోడ్డు అవతల సిమెంటు దుకాణం అరుగు మీదికి చేరాం. మూటలు, ఒక కుట్టుమిషను, గ్యాసు బండ, చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ. సన్నగా తుంపర పడుతోంది. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. గోడ సెక్షన్లో ఎవరూ ఎత్తలేదు. ఫైరింజన్ వాళ్ళు ఎత్తి, ఏదైనా కూలిందా అని అడిగారు. ఇంకా లేదన్నాను. వస్తామన్నారు.

మూడు గంటలయింది. ఏమీ జరగలేదు, ఫైరింజనూ రాలేదు. జనం గొణగడం మొదలుపెట్టారు. ముసలావిడ కొడుకు, "చెట్ల మేడం మాట విని గోడ కింద బతుకు రోడ్డెక్కింది," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఇంజనీరు గొడుగు వేసుకుని దిగొచ్చాడు. "చూశారా? ఊరికే హడావిడి. పదండి, ఇళ్ళకి పదండి. గోడ అలాగే ఉంది."

ముసలావిడ కొడుకు కుర్చీ తిప్పాడు. మూటలెత్తుకుని ఇంకో ఇద్దరు కదిలారు. తోటమాలి సందు మొదట్లో నేల మీద చతికిలబడి కాళ్ళు చాపాడు.

"నన్ను తొక్కుకుంటూ పోండి."

"లే నాన్నా, వానలో..." అంటూ కూతురు వంగబోయి, తలెత్తి, ఆగిపోయింది. పిల్ల తలని తన భుజానికి అదుముకుంది.

ఆమె చూస్తున్న వైపే అందరం చూశాం. మధ్యాహ్నం ఇదే అరుగు మీద నుంచి గోడ పైన ఆకుల కొసలే కనపడ్డాయి. ఇప్పుడు చెట్ల మొదళ్ళు కనపడుతున్నాయి. వాటి కింద ఎర్రమట్టి, ఆ మట్టిలోంచి బయటికొచ్చిన తెల్లని వేళ్ళు. ఆకు కూడా కదలడం లేదు. మిగతా తాళ్ళు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు మాత్రం రోడ్డు ఇవతలికి స్పష్టంగా వినిపిస్తోంది.

కుర్చీ ఆగింది. మూటలు మోస్తున్నవాళ్ళు ఆగారు. ఇంజనీరు గొడుగు చేతిలోంచి జారి రోడ్డు వాలులో దొర్లుతూ పోయింది. ఆయన దాన్ని అందుకోలేదు.

తోటమాలి లేవలేదు. "పదహారు తెగాయి," అన్నాడు, కళ్ళు మూసుకుని, వింటూ. "ఇంకా మూడున్నాయి. అందరూ వెనక్కి జరగండి."