డాక్టరు చెప్పిన సాక్ష్యం

నిజాం మీద పోలీసు చర్య ముగిసిన కొద్దిరోజులకే ఆలేరు నుంచి నూలు బండి ఒకటి కట్టంగూరు వైపు వస్తోంది. బండి గఫారుది, నూలు సాలె సిద్దిరాములుది. ఇద్దరూ ఒకే జొన్నరొట్టె తుంచుకు తింటున్నారు.

దారిలో ఒక ఊరి పొలిమేరన గొడ్డళ్ల గుంపు బండి ఆపింది. ముందున్న బాలస్వామి తమ్ముణ్ణి రజాకార్లు కాల్చి చంపారు. అతని దుఃఖాన్ని ఎవరు కాదంటారు? కానీ ఆ దుఃఖం వెతికిన రుజువు చూడండి! ఇద్దరి బట్టలూ ఊడదీశారు. ఇద్దరికీ సున్తీ అయివుంది.

"నేను సాలోన్ని. చిన్నప్పుడు నాకు కోసిన మీ ఊరి డాక్టర్ సాబునే అడుగుండ్రి," అని మొత్తుకున్నాడు సిద్దిరాములు. అప్పటికే దెబ్బలకు పళ్లు రాలాయి.

కబురందుకుని డాక్టర్ వెంకటరాజం పరుగున వచ్చాడు. "చిన్నప్పుడు మూత్రం బందయితే నేనే కోసిన. అది రోగానికి చేసిన కోత. ఇడిసిపెట్టుండ్రి."

విడిచిపెట్టారు. "మరి గీనికి?" అన్నాడు బాలస్వామి, గఫారు జుట్టు పట్టుకుని.

అబద్ధం ఆడాలా వద్దా అని డాక్టరు తేల్చుకునేలోగా గొడ్డలి గఫారు మెడ మీద పడింది. రెండో వేటుకు ప్రాణం పోయింది. నెత్తురు నూలు కట్టల మీద చిమ్మింది.

సిద్దిరాములు ఆ శవాన్ని ఒడిలోకి తీసుకున్నాడు. "ఇద్దరికీ రోగమే అంటే నీ నోరు పడిపోవునా, సారూ?" అన్నాడు.

మర్నాడు పొద్దున గుంపు ముగ్గురు బాటసారులను తాళ్లతో కట్టి దవాఖానకు ఈడ్చుకొచ్చింది. ముగ్గురికీ సున్తీ అయివుంది.

"నిన్న మంచిగ చెప్పినవ్ సాబ్," అన్నాడు బాలస్వామి మర్యాదగానే. "గీళ్లల్ల ఎవనిది రోగం కోతనో చూసి చెప్పు. మనోన్ని చంపుకోవద్దు గద."

ఒకణ్ణి కాపాడానని వెంకటరాజం రాత్రంతా మనసుకు సర్దిచెప్పుకున్నాడు. నిజానికి చంపేవాళ్లకు దారి చూపించాడు.

"నేను చూడ," అన్నాడు.

గొడ్డలి కర్ర అతని కుడిచేతి మీద పడింది. వేళ్లు చితికాయి.

"చూస్తవా?"

"చూడ."

ఇంకో దెబ్బకు మణికట్టు విరిగింది. నేల మీద పడి కూడా అతడు అదే మాట అన్నాడు. బాలస్వామి ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఎవరు తమవాడో తెలియలేదు. ఎత్తిన గొడ్డళ్లు దిగిపోయాయి. చివరికి తాళ్లు విప్పక తప్పలేదు.

ఆ చెయ్యి మళ్లీ కత్తి పట్టలేదు. దాని గురించి ఎవరడిగినా వెంకటరాజం ఒకటే చెప్పేవాడు: "మనిషి తన ఒళ్లు మనకు చూపేది బతుకుదామని. ఆ ఒంటి మీద మనం సాక్ష్యం చెప్పిననాడు, డాక్టరుకు తల నరికే తలారికి ఫరక్ లేదు."